చెప్పకుండా దాటేసిన పాఠం

డేవిడ్ పోయిన రోజు మంగళవారం, ఫిబ్రవరి పద్దెనిమిది. ఆ ఉదయం అతను కొత్త చొక్కా వేసుకున్నాడు. ముదురాకుపచ్చ రంగు, కాలర్ అంచున సన్నటి తెల్ల కుట్టు. ముందురోజు సాయంత్రమే టైలర్ ఇచ్చాడు.

"ఈస్టర్‌కని కుట్టించింది ఇప్పుడే ఏసుకుంటే ఎట్లరా?" అని అక్క జీవరత్నం అడిగింది.

"ఈస్టర్‌కు ఇంకోటి కుట్టియ్యక్కా. గవర్నమెంటు టీచరువి, నీకేం తక్కువ?" అని నవ్వుతూ బండి తీశాడు.

సాయంత్రం ఐదున్నరకు, మార్కాపురం ఇంకా ఎనిమిది కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు పక్క పాత పలకరాయి క్వారీ అడుగున అతని శవం కనిపించింది. పోస్టుమార్టం తర్వాత చొక్కా ఇంటికి రాలేదు.

పోలీసులు రాసుకున్నది రెండు పేజీలు. మధ్యాహ్నం రెండింటికి డేవిడ్ గిద్దలూరులో తను పనిచేసే ఫ్లెక్సీ షాపు నుంచి ఒక్కడే బయల్దేరాడు. దారిలో ఫొటోలు తీసుకోవడానికి క్వారీ దగ్గర ఆగాడు. కాలు జారింది. షాపు యజమాని ప్రవీణ్ కుమార్ వాంగ్మూలం రెండే వాక్యాలు: డేవిడ్ రెండింటికి వెళ్లాడు. తాను ఏడింటి దాకా షాపు వదల్లేదు. కింద ఎస్‌ఐ నరసింహం సంతకం.

జీవరత్నం మార్కాపురం జడ్పీ హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. వయసు యాభై రెండు. తల్లి పోయేనాటికి డేవిడ్‌కు నాలుగేళ్లు. అన్నం కలిపి పెట్టిందీ, వేళ్లు పట్టుకుని పెన్సిల్ దిద్దించిందీ ఆమే. పాస్టరుగారు ఇంటికి వచ్చి, "పగ దేవునికి వదిలెయ్యమ్మా" అన్నారు. ఆమె తల ఊపింది. వదల్లేదు.

కారణం ఉంది. చనిపోవడానికి పది రోజుల ముందు డేవిడ్ ఒక సంగతి చెప్పాడు. ఎవరో అతనికి ఒక వేలిముద్ర ఫొటో ఇచ్చి, గీతకు గీత కంప్యూటర్లో గీసి రబ్బరు ముద్రకు సిద్ధం చెయ్యమన్నారు. ఏదో కంపెనీ బొమ్మ కోసమని చెప్పారు. ఫొటో అంచున ఓబులమ్మ అనే పేరు మిగిలిపోయింది. డేవిడ్ ఆరా తీశాడు. ఓబులమ్మది పుల్లలచెరువు మండలం. కూలికి ఊరొదిలి పోయింది. ఆమె రెండెకరాలు ఆమె లేకుండానే, ఆమె వేలిముద్రతోనే, ఇంకొకరి పేరుకు మారిపోయాయి.

"ఇది బయట పెడ్తా అక్కా" అన్నాడు. ముద్ర ఎవరు ఇచ్చారో మాత్రం చెప్పలేదు.

ఆ పేరు కోసమే ఆమె తమ్ముడి కంప్యూటర్ తెరిచింది. ఒక్క ఫైలూ అర్థం కాలేదు. అప్పుడు ప్రవీణ్ కుమార్ తనంతట తానే వచ్చాడు. "నేను నేర్పిస్తా టీచర్. డేవిడ్ నాకు తమ్మునిలాంటోడు. ఫీజు మాటెత్తితే ఒప్పుకోను."

జూన్ నుంచి నాలుగు నెలలు, ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి గిద్దలూరు వెళ్లి అతని పక్కన కూర్చుంది. కోరల్ అనే డిజైన్ ప్రోగ్రాంలో గీతను చేత్తో గీయరు, చుక్కలు పెట్టి వంచుతారు. చుక్కలు ఎంత తక్కువైతే వంపు అంత నునుపు. వంపుల తర్వాత ఒక రంగును ఇంకో రంగులోకి మెల్లగా కలిపే బ్లెండ్, ఆ తర్వాత అన్నిటికన్నా కష్టమైన మెష్ ఫిల్. బొమ్మ మీద వల పరిచి, వలలో ముడి ముడికీ రంగు నింపడం అది. మనిషి ముఖం ముఖంలా కనపడాలంటే అది రావాలి. ఆమెకు వచ్చింది. వెళ్లిన ప్రతిసారీ గురువుకు ఒక డబ్బా చికెన్ పచ్చడి పట్టుకెళ్లేది.

సాధనకు డేవిడ్ ముఖమే ఎంచుకుంది. మొన్న గురువారం, అంత్యక్రియలకు షాపు కుర్రాళ్లు తెచ్చిస్తే ఎనిమిది నెలలుగా విప్పకుండా బీరువాలో మడిచి పెట్టిన ఫ్లెక్సీని తీసి నేల మీద పరిచింది. కన్నీటి నివాళి. అతను పోయిన రోజు సాయంత్రమే ప్రవీణ్ కుమార్ షాపు ముందు కట్టించిన ఫ్లెక్సీ అది. నీలి మబ్బుల మధ్య నవ్వుతున్న డేవిడ్. నుదురు గీసింది, ముక్కు గీసింది, గడ్డం కింద నీడ నింపింది. కాలర్ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ముదురాకుపచ్చ కాలర్. అంచున తెల్ల కుట్టు.

ఆ చొక్కా వేసుకుని డేవిడ్ బతికింది ఒక్క పగలే.

*

ఫ్లెక్సీ తయారు చేసింది గోపిక. అప్పట్లో ప్రవీణ్ కుమార్ షాపులో ఉండేది. ఇప్పుడు మార్కాపురం బస్టాండు ఎదురు సందులో ఇంకో ఫ్లెక్సీ షాపులో డిజైనరు. అర్ధవీడు పిల్ల, ఇరవై మూడేళ్లు. శనివారం పదీ నలభైకి జీవరత్నం వెళ్లేసరికి ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీలో ముఖానికి తెలుపు ఎక్కిస్తోంది.

"ఇంకా తెలుపా?" అంది జీవరత్నం, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"మూడుసార్లు తిప్పి పంపినారు టీచర్. ఇంకొంచెం చేస్తే మనిషి గుడ్డలో కలిసిపోతాడు, చొక్కా మాత్రం మిగుల్తుంది."

కౌంటరులో రశీదులు రాసే హెలెన్ పకపకా నవ్వింది. జీవరత్నం నవ్వలేదు.

"డేవిడ్ ఫ్లెక్సీకి ఫొటో ఎవరిచ్చినారు పాపా?"

గోపిక చెయ్యి మౌస్ మీదే ఆగింది. "ఇప్పుడెందుకు టీచర్?"

"అడిగినదానికి చెప్పు."

"ప్రవీణ్ సార్ ఫోన్లోది. ఆరుంబావుకు కబురొచ్చింది. షాపు నిండా జనం. క్రిస్మస్‌కు తీసినవి ఉన్నాయి, బాగుండేది ఒకటి తీసుకో అని ఫోన్ నా చేతిలో పెట్టి సార్ బయటికి పోయినాడు. కేబుల్ పెడ్తానే ఇది కనపడింది. బాగా నవ్వుతుండె. క్రిస్మస్ ఫొటోల దాకా పోనేలేదు."

"సార్ ఎప్పుడు చూసినాడు?"

"కట్టినాక. ఏడున్నరకు. కింద నిలబడి శానా సేపు చూసినాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాం." గోపిక గొంతు తగ్గించింది. "తెల్లారి నా సిస్టమ్‌లో ఆ ఫైలు లేదు. వైరస్ అన్నాడు. వారం తిరక్కుండా నన్ను మానుకోమన్నాడు."

"ఆ పొద్దు సార్ షాపులోనే ఉన్నాడా?"

"లోపలి రూములో పండుకోనుండాడని చెప్పమన్నాడు."

"చెప్పమన్నది కాదు. ఉన్నాడా?"

గోపిక హెలెన్ వైపు చూసింది. హెలెన్ ఎవరికో రశీదు రాస్తోంది.

"రెండున్నరకు బండేసుకొని పోయినాడు. వచ్చేటప్పటికి ఐదూ పది."

"అంత కచ్చితంగా ఎట్ల చెప్తావు?"

"ఐదింటికి కరెంటు పోయి మిషన్ ఆగిపోయింది టీచర్. సగం ప్రింటు. ఫోన్ చేద్దామా వద్దా అని గడియారం చూసుకుంటా కూర్చున్నా. బూట్ల నిండా బూడిద రంగు దుమ్ముతో వచ్చినాడు."

"పోలీసులకు చెప్పినావా?"

"నన్నెవరు అడిగినారు? ఎస్‌ఐ గారు సార్‌తో టీ తాగి పోయినాడు."

జీవరత్నం ఆ టైములు మనసులో వరుసగా పెట్టుకుంది. రెండు. రెండున్నర. ఐదూ పది. మధ్యలో రెండు గంటలా నలభై నిమిషాలు.

"ఆ ఫైలు పోయినట్టేనా?"

"యాడ పోతుంది?" గోపిక బ్యాగులోంచి తాళంచెవుల గుత్తికి వేలాడుతున్న ఎర్ర పెన్‌డ్రైవ్ తీసింది. "మా డిజైనర్లందరం దాచుకుంటాం టీచర్. సంవత్సరం తిరిగేటప్పటికి అదే మనిషికి వర్ధంతి ఫ్లెక్సీ అని వస్తారు. మళ్లీ మొదటినుంచి ఎవరు చేస్తారు?"

ఫైలు తెరుచుకుంది. నీలి మబ్బులు, తెల్ల పావురం, డేవిడ్. జీవరత్నం స్క్రీన్‌కు దగ్గరగా వంగింది.

"చొక్కా అదే. చుట్టూ ఏముండెనో తెలిసుంటే బాగుండు. కత్తిరించేస్తివి."

"కత్తిరించలేదు. పవర్‌క్లిప్ చేసినా."

"అంటే ఏంది?"

గోపిక కుర్చీతో సహా ఇటు తిరిగింది. "మెష్ ఫిల్ కూడ నేర్చుకున్నారంట గదా? పవర్‌క్లిప్ రాదా? ఎవరన్నా నవ్వుతారు టీచర్. మాకు మొదటి వారంలోనే చెప్పినాడు సార్. అది లేకుండా ఫ్లెక్సీ పని ఒక్క గంట నడవదు."

"నాకు చెప్పలేదు."

"ఫొటోకు కట్టే అట్ట ఉంటుంది గదా, మధ్యలో గుండ్రంగా రంధ్రం? రంధ్రంలో ముఖం మాత్రమే కనపడుతుంది. అట్ట ఎనకాల ఫొటో మొత్తం అట్లనే ఉంటుంది. పవర్‌క్లిప్ కూడా అంతే. దాస్తుంది, కొయ్యదు."

జీవరత్నం నిటారుగా కూర్చుంది. మెనూలో ఆ మాట ఆమె చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగింది. "అది మీకక్కర్లేదు టీచర్, ఫ్లెక్సీలోళ్ల పని" అని మూడుసార్లూ ప్రవీణ్ కుమార్ దాటేశాడు. అన్నిటికన్నా కష్టమైనది నేర్పి, అన్నిటికన్నా తేలికైనది దాచాడు. నాలుగు నెలలు పక్కన కూర్చోబెట్టుకున్నది నేర్పడానికి కాదు. ఆమె కంట ఏమేం పడుతోందో చూసుకోవడానికి.

"తియ్యి" అంది.

గోపిక రెండుసార్లు క్లిక్ చేసింది. మబ్బులు పోయాయి. ఫొటో నాలుగు వైపులా విచ్చుకుంది.

పలకరాయి పొరలు, మెట్లలా విరిగిన మూడు వరసలు. వాటి ముందు డేవిడ్, బొటనవేలు పైకెత్తి. పొరల వెనకాల ఖాళీ, దాని కింద క్వారీ. ముందు నేల మీద ఫొటో తీస్తున్న మనిషి నీడ పొడుగ్గా పడింది. కుడిచెయ్యి నడుం మీద ఉంది. ఫోన్ పట్టుకున్న ఎడమ మోచెయ్యి పక్కకు పొడుచుకొచ్చింది.

"లెఫ్ట్ చెయ్యి" అంది గోపిక మెల్లగా. ఇద్దరికీ తెలుసు. ప్రవీణ్ కుమార్ మౌస్ ఎప్పుడూ కీబోర్డుకు ఎడమ పక్కనే ఉంటుంది. ప్రతి ఆదివారం జీవరత్నం దాన్ని కుడి పక్కకు మార్చుకుని కూర్చునేది.

"ఫొటో పేరు చూపించు."

పక్క పట్టీలో ఫోన్ పెట్టిన పేరు అలాగే ఉంది. వరసగా అంకెలు. సంవత్సరం, నెల, తేదీ. దాని తర్వాత గంట, నిమిషం. పద్దెనిమిదో తేదీ మూడూ నలభై ఒకటి.

వేలిముద్ర ఇచ్చినవాడి పేరు జీవరత్నం ఇక వెతకక్కర్లేదు. ఆ ఎడమచేతికి తాను అందించిన పచ్చడి డబ్బాలు ఎన్నో లెక్క గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించి మానుకుంది. ఆ చెయ్యి ఇక మౌస్ పట్టకూడదు. అన్నం కూడా కలుపుకోకూడదు. అంతవరకు ఆలోచించి, నోరు మాత్రం మామూలుగా తెరిచింది.

"నాకొక కాపీ ఇయ్యి. ఇది పెద్ద కాగితం మీద ప్రింటు తియ్యి."

గోపిక రెండూ ఇచ్చింది. తాళంచెవుల గుత్తి మళ్లీ బ్యాగులో వేసుకుంది. "టీచర్, నా పేరు రాకుండా చూడండి. మాయమ్మ ఒక్కతే ఉంటుంది ఊళ్లో."

"రానియ్యను" అంది జీవరత్నం.

*

ఎస్‌ఐ నరసింహాన్ని మూడింటికి క్వారీ దగ్గరికి రమ్మంది. ఆమె రెండున్నరకే చేరింది. ఆ రోజు శవాన్ని మొదట చూసిన అంకన్న మేకలతో అక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, భుజాన కర్ర.

ప్రింటు చేతిలో పట్టుకుని ఆమె పొరలు వెతికింది. మెట్లలా విరిగిన మూడు వరసలు క్వారీకి ఉత్తరం వైపు దొరికాయి. డేవిడ్ నిలబడ్డ చోట నిలబడింది. అక్కడినుంచి అంచు దాకా అడుగులు లెక్కపెట్టింది. పద్దెనిమిది. నేల చదును. అంచు పొడవునా పలక ముక్కలు మోకాలి ఎత్తున గోడలా పేర్చి ఉన్నాయి.

"నాయనా అంకన్నా, ఈ గోడ ఎవరిది?"

"నాదే తల్లీ. మేకలు గుంతలో పడకుండ పేర్చుకున్న్యా. పదేండ్లాయె."

"తమ్ముడు ఏ పక్క పడి ఉండె?"

అతను కర్రతో చూపించాడు. అక్కడ గోడ రెండు బారల మేర మిగతా గోడకన్నా కొత్తగా ఉంది. రాళ్ల మీద నాచు లేదు.

"ఇక్కడ మళ్లీ కట్టినావా?"

"ఆ పొద్దు ఇది కూలిపోయిండె. ముందురోజు బాగనే ఉండె, నేనే చూసినా. రాళ్లన్నీ గుంతలోకి పోయినాయి. యాభై రాళ్లుంటాయి. జారినోడు గోడనేసుకోని జారతాడా తల్లీ? ఎవుడో గట్టిగ నూకినాడు. నూకితే గోడతో సహా పోయినాడు."

జీవరత్నం ఒక చెయ్యి గోడ మీద పెట్టింది. రాయి వేడిగా ఉంది.

"ఇంకేం చూసినావు?"

"నాలుగు కొట్టకముందే ఎర్ర బండి ఒకటి రోడ్డెక్కి గిద్దలూరు దిక్కు పోయింది. ఎస్‌ఐకి కూడ చెప్పినా. పోయి నీ మేకలు లెక్కబెట్టుకోపో అన్నాడు."

ప్రవీణ్ కుమార్ మోటారుసైకిలు ఎరుపు. ఆమె అంకన్నకు ఆ మాట చెప్పలేదు.

జీపు మూడున్నరకు వచ్చింది. నరసింహం దిగుతూనే వాచీ చూసుకున్నాడు. "ఏంది టీచరమ్మా, ఎనిమిది అర్జీలు అయినాయి. ఇది తొమ్మిదోదా?"

"అర్జీ కాదు. చూడండి."

ప్రింటు అందుకుని చూశాడు. ఎగతాళి ఒక్క క్షణం ముఖంలోంచి పోయింది. ఆమె టైములు చెప్పింది. రెండున్నరకు ప్రవీణ్ షాపు వదిలాడు. మూడూ నలభై ఒకటికి ఇక్కడ ఫొటో తీశాడు. ఐదూ పదికి దుమ్ము బూట్లతో తిరిగొచ్చాడు. గోడ కూలింది. ఎర్ర బండి పోయింది.

"ఎవరు చెప్పినారు ఇదంతా?"

"చెప్పినవాళ్లు చెప్పినారు."

"ఫైలు ఎవరిచ్చినారు?"

ఆమె ప్రింటు కోసం చెయ్యి చాపింది.

నరసింహం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమెకే ఇచ్చాడు. "నాలుగు నెలలనుంచి మీరు కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. అవునా? ఎవరి దగ్గర? ప్రవీణ్ దగ్గర. ఏం నేర్చుకున్నారు? లేని ముఖం ఉన్నట్టు గీయడం. నీడలు వేయడం. ఫొటో పేరు మార్చడం ఎంతసేపు? రేపు కోర్టులో వాని వకీలు నన్నడుగుతాడు. ఈ బొమ్మ టీచరమ్మే తయారు చేసిందంటే ఏమంటావయ్యా అని. ఏమనాల?"

 నేర్చుకున్న ప్రతి పాఠమూ ఆ నిమిషంలో ఆమెకే ఎదురు తిరిగింది. ప్రవీణ్ కుమార్ ఇది కూడా ఆలోచించే నేర్పాడా?

"మీ అంకన్న కంటే ఆ ఫొటో మేలు, కానీ అదీ చాలదు" అన్నాడు నరసింహం. "అసలు ఫైలు ఉండేది ఎవరి దగ్గరో చెప్తే నేను సీల్ చేసి ల్యాబుకు పంపుతా. చెప్పకుంటే ఇది చిత్తు కాగితం. మీకు ఏడుపు ఉంది, నాకు తెలుసు. కానీ మీరు న్యాయం కోసం తిరుగుతా ఉండారా, కక్ష కోసమా?"

"మీరు మొదటిది చేసుంటే నాకు రెండోదానితో పనుండేది కాదు."

"నోరు జాగ్రత్త టీచర్ గారూ."

"ఎనిమిది నెలలు జాగ్రత్తగానే ఉన్నా."

అంకన్న మేకలను అదిలిస్తున్నట్టు నటిస్తూ దగ్గరికి జరిగాడు. జీవరత్నం క్వారీలోకి చూసింది. అడుగున వాన నీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి. ఇంత దగ్గరగా వచ్చాక ప్రవీణ్ కుమార్ మళ్లీ ఆదివారం తన కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో ఎవరికో వంపులు నేర్పుతాడు. ఆ దృశ్యం ఆమె భరించలేకపోయింది.

"గోపిక" అంది. "ఫ్లెక్సీ చేసిన పిల్ల. పెన్‌డ్రైవ్ ఆమె దగ్గరుంది. మార్కాపురంలో, బస్టాండు సందు షాపులో. ముందు ఆ పిల్లకు కాపలా పెట్టండి. తర్వాతే..."

నరసింహం అప్పటికే ఫోన్ తీశాడు.

"ఎవరికి చేస్తున్నారు?"

"వాన్ని కూడా అడగాల గదా. ఒక పక్కే వింటే ఎట్ల?"

"ఎస్‌ఐ గారూ, వద్దు!"

"నాకు పని నేర్పొద్దు. ఇది మీ బడి కాదు." స్పీకర్ పెట్టాడు. మూడూ యాభై రెండు. రెండు రింగులకే ఎత్తారు.

"నమస్తే సార్." అదే గొంతు. ప్రతి ఆదివారం ఆమె చెవి పక్కన వినిపించే మెత్తటి గొంతు.

"యాడుండావ్ ప్రవీణ్?"

"షాపులో సార్, గిద్దలూరులో. క్లాసు చెప్తా ఉండా."

"డేవిడ్ ఫ్లెక్సీ ఫైలు నీ కాడ పని చేసిన పిల్ల దగ్గరుందంట. గోపిక. పెన్‌డ్రైవ్‌లో. దాంట్లో ఆ పొద్దు తీసిన ఫొటో ఉందంటున్నారు. ఏంది కత?"

అవతల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో వెనకనుంచి ఒక కేక వినిపించింది. "యర్రగొండపాలెం, యర్రగొండపాలెం! ఎక్కాల, ఎక్కాల!"

"నాకేం తెలుసు సార్" అన్నాడు ప్రవీణ్ కుమార్. గొంతు మెత్తగానే ఉంది. "పనిలోంచి తీసేసినానని ఆ పిల్లకు నా మీద కోపం. నేనే వచ్చి మీతో మాట్లాడతా." ఫోన్ పెట్టేశాడు.

"విన్నారా?" అన్నాడు నరసింహం.

"మీరు విన్నారా?" జీవరత్నం అప్పటికే స్కూటీ వైపు నడుస్తోంది. "నాలుగు నెలలు గిద్దలూరు బస్టాండులో కూర్చున్నా. యర్రగొండపాలెం కేక అక్కడ ఒక్కనాడూ వినలేదు. అది మార్కాపురం బస్టాండు. వాడు ఆ పిల్ల షాపుకు వంద గజాల దూరంలో ఉన్నాడు. పేరూ పెన్‌డ్రైవ్ సంగతీ మీరే చెప్పినారు."

నరసింహం గిద్దలూరు స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. 

*

ఎనిమిది కిలోమీటర్లు ఆమె పద్నాలుగు నిమిషాల్లో వెళ్లింది. దారిలో రెండుసార్లు ఆపి గోపికకు ఫోన్ చేసింది. మొదటిసారి రింగయింది. రెండోసారి స్విచాఫ్.

షాపులో హెలెన్ ఒక్కతే ఉంది. గోపిక కుర్చీ ఖాళీగా ఉంది. స్క్రీన్ మీద పుట్టినరోజు మనిషి ముఖం సగం తెల్లగా, సగం నల్లగా ఆగిపోయి ఉంది.

"గోపిక ఏది?"

"ఇప్పుడే పోయింది టీచర్. ప్రవీణ్ సార్ వచ్చినాడు. వాళ్లమ్మ బాయికాడ పడిపోయిందంట, కంభం ఆస్పత్రికి తీసుకుపోతున్నారంట. పాపం, ఏడ్చుకుంటా కారెక్కింది."

"ఎంతసేపయింది?"

"నాలుక్కు ఐదు నిమిషాలు తక్కువ. గడియారం చూసినా, టీ చెప్పే టైమని."

"బ్యాగు?"

"తీసుకుపోయింది గదా. సారే గుర్తు చేసినాడు, బ్యాగు మర్చిపోవద్దమ్మా అని." హెలెన్ ముఖం మారింది. "టీచర్, ఏమైంది?"

కౌంటరు మీద షాపు ఫోన్ మోగింది. హెలెన్ ఎత్తింది. అవతల ఆడమనిషి గొంతు, గట్టిగా, కులాసాగా. వింటూ వింటూ హెలెన్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి జీవరత్నం వైపు చూసింది.

"గోపికోళ్లమ్మ. పాప ఫోన్ ఎత్తలేదేంది అని అడుగుతాంది. రేపు వచ్చేటప్పుడు తలనొప్పి మాత్రలు తెమ్మంటాంది."

జీవరత్నం ఫోన్ అందుకుంది.  "అమ్మా, నేను డేవిడ్ వాళ్లక్కను, టీచర్ను. మీరు ఇంట్లో ఉండొద్దు. పక్కింట్లోకి పోయి తలుపేసుకోండి. మళ్లీ నేనే చేస్తా" అని చెప్పింది. ఆమె ఎందుకని అడుగుతుండగానే పెట్టేసింది. ఎందుకో చెప్పాలంటే, పేరు రానియ్యనని మాటిచ్చి ఐదు గంటలు తిరక్కముందే ఆ పేరు తానే బయటపెట్టిన సంగతి కూడా చెప్పాలి.

బయట జీపు ఆగింది. నరసింహం పరుగున లోపలికి వచ్చాడు. ఖాళీ కుర్చీ చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"గిద్దలూరులో కనుక్కున్నా టీచర్ గారూ. షాపు పొద్దుటినుంచి తెరవనే లేదంట. మీరు ఆ పిల్ల దగ్గరికొచ్చినట్టు వానికి ఎట్లనో..."

"ఆదివారం రావట్లేదని నిన్న నేనే వానికి ఫోన్ చేసినా. ఫ్లెక్సీ గురించి గోపికను ఒక మాట అడగాలన్నా. అప్పటికి వాన్ని ఇంకా గురువే అనుకుంటున్నా."  "తెల్లకారు. ప్రవీణ్‌ది. నంబరు హెలెన్ చెప్తుంది, ఇక్కడికి చాలాసార్లు వచ్చినాడు. కంభం రోడ్డు అని చెప్పినాడంటే ఆ రోడ్డున పోడు. దోర్నాల వైపు, యర్రగొండపాలెం వైపు చెక్‌పోస్టులకు చెప్పండి. అడవిలోకి దిగితే దొరకడు."

నరసింహం టోపీ పెట్టుకున్నాడు. వైర్‌లెస్ దగ్గరికి వెళ్లాడు. అతను అంకెలు చెబుతున్న గొంతు బయటినుంచి వినిపిస్తోంది.

పొద్దుటినుంచి ఆమె మనసులో ప్రవీణ్ కుమార్‌కు చేయవలసినవి ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చింది. వాటిలో ఒక్కటీ ఆమె వదులుకోలేదు. కానీ ఇప్పుడు వాటిని పక్కకు జరిపింది. అతను చేతికి చిక్కినప్పుడు ఆ పిల్ల కారులో ప్రాణాలతో ఉండాలి. ముందు అది.

హెలెన్ గోడ గడియారం వైపు చూసి, "ఇరవై ఐదు నిమిషాలాయె టీచర్" అంది.

జీవరత్నం స్కూటీ తాళం తీసుకుని బయటికి నడిచింది.

గోపిక ఏ రోడ్డున ఉందో ఇంకా తెలియదు.